రెండు ప్లగ్గులు

నర్మెట్ట చుట్టుపక్కల ఏ బావి మీద ఆయిలింజను మొరాయించినా హీరాలాల్‌కే కబురొస్తుంది. స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, డాక్టరు గుండె చూసినట్టు చూసి జబ్బేమిటో చెప్పేస్తాడు. అంతటివాడికి ఆ సాయంత్రం గోదావరి రేవులో ఒక ముసలి పడవ మోటారు చుక్కలు చూపిస్తోంది.

సకల జనుల సమ్మె రోజులవి. బస్సు చక్రం కదలడం లేదు. బొగ్గు బాయిలు బందయ్యేసరికి కరెంటు దానిష్టం వచ్చినప్పుడు వస్తోంది. సమ్మె చేయాల్సిందేనని తండాలో అందరికంటే గట్టిగా అరిచింది హీరాలాలే. తీరా చూస్తే, అక్కను చూడబోయిన పెళ్లాం గంగి, జ్వరంతో కాలిపోతున్న మూడు నెలల పిల్లాడిని ఎత్తుకుని అవతలి రేవులో కూర్చుంది. చీకటి పడకముందే వాళ్లను ఇవతలికి తెచ్చి దవాఖానలో చూపించాలి. అతను జనగామ నుంచి లారీలు, ఆటోలు పట్టుకుని పడుతూ లేస్తూ వచ్చింది అందుకే.

పడవలన్నీ కట్టేసి పడవవాళ్లు రాస్తారోకోకు పోయారు. రేవులో మిగిలింది కొమురెల్లి ఒక్కడే.

"మోటర్ మిస్సింగ్ కొడ్తాందన్నా. స్లోల నిలుస్తలేదు. నువ్వు జర బాగుజెయ్యి, నీ పెండ్లాంపిల్లగాన్ని నేనే తెస్త" అన్నాడు.

తాడు గుంజితే మోటారు అంటుకుంటోంది. రేసు ఇస్తే బాగానే అరుస్తోంది. తగ్గిస్తే చాలు, దగ్గు మొదలు. రెండు దగ్గులు... ఆగడం... మళ్లీ ఒక దగ్గు. నీళ్లు మింగినవాడు దగ్గినట్టు ఉంది ఆ చప్పుడు.

హీరాలాల్ పెట్రోలును గుడ్డలో వడగట్టాడు. కార్బొరేటర్ విప్పి ఊదాడు. సన్నటి కంతల్లోంచి ఇసుక రాలింది, నాచు వాసన కొట్టింది.

"గింత ఇసుకేందన్నా? పడవ నడిపినవా, పొలం దున్నినవా?"

కొమురెల్లి నది వైపు చూస్తూ బీడీ వెలిగించుకున్నాడు.

అన్నీ తుడిచి బిగించినా దగ్గు పోలేదు. పొద్దు గుంకింది. ఊళ్లో ఒక్క దీపమూ లేదు. అవతలి గట్టు నల్లటి గీతలా మిగిలింది. ఇక ఆఖరి పరీక్ష. అది రెండు సిలిండర్ల మోటారు. ఏది సరిగా పనిచేయడం లేదో తెలియాలంటే, నడుస్తుండగానే ఒక్కో ప్లగ్గు టోపీ ఊడదీయాలి. మంచిదాని టోపీ తీస్తే మోటారు కుంగిపోతుంది. చెడ్డదాని టోపీ తీస్తే చప్పుడు మారదు.

చేతికి ట్యూబు ముక్క చుట్టుకుని పైదాని టోపీ లాగాడు. చప్పుడు మారలేదు. దొంగ దొరికాడనుకున్నాడు. దాన్ని మళ్లీ తొడిగి, ఎందుకైనా మంచిదని కిందిది లాగాడు.

చప్పుడు మారలేదు.

ఈసారి రెండూ లాగేశాడు. నిప్పురవ్వ లేదు. అయినా మోటారు దగ్గుతూనే ఉంది. పెట్రోలు పైపు పీకేశాడు.

రెండు దగ్గులు... ఆగడం... ఒక దగ్గు.

అలవాటు పాడుగాను, స్క్రూడ్రైవర్ ఎందుకు ఆనించాడో అతనికే తెలియదు. పిడి చెవికి పెట్టుకున్నాడు. లోపల ఇనుము చప్పుడు లేదు. ఊపిరి పీలుస్తున్నారు. ఒకరు కాదు, చాలామంది. వాళ్ల మధ్యలోంచి ఒక ఆడగొంతు మెల్లగా అంది...

"జర జరుగుండ్రి... ఇంక ఇద్దరొస్తరు."

స్క్రూడ్రైవర్ నీళ్లలో పడింది. మోటారు దానంతటదే ఆగిపోయింది. హీరాలాల్ రెండు ప్లగ్గులూ విప్పి జేబులో వేసుకున్నాడు. ప్లగ్గుల్లేని మోటారు ఎట్లా నడుస్తుంది? ఆ మాటే మనసులో పదిసార్లు అనుకున్నాడు.

"కొమురెల్లన్నా... ఏడ తెచ్చినవ్ దీన్ని?"

కొమురెల్లి అప్పటికే ఇసుకలోకి వెనక్కి నడుస్తున్నాడు.

"గీ రేవుల పడవ నడిపిన ఐలయ్యది. వరదల జనంతోని పడవ మునిగింది, ఎవ్వలు బతుకలే. మోటర్ నా వలకు తాకింది. మునిగినదాన్ని మల్ల నీళ్లల దించొద్దంటరు. ఒడ్డున్నే ఇడిశిపెడ్తరు. నేనే... ఏంగాదులే అనుకున్న."

అంతే, వెనక్కి చూడకుండా ఉరికాడు.

హీరాలాల్ ఫోను పట్టుకుని గట్టెక్కాడు. గంగికి చెప్పాలి. ఈ రేవుకు రావద్దని, రాత్రికి అక్క దగ్గరే ఉండమని, అక్కడే ఎవరికైనా పిల్లాడిని చూపించమని చెప్పాలి. మళ్లీ మళ్లీ నంబరు నొక్కాడు. కలవలేదు.

వెనక మోటారు తాడు గుంజిన చప్పుడు.

తిరిగి చూశాడు. గుంజకు కట్టిన తాడు నీళ్లలోకి వదులుగా వేలాడుతోంది. పడవ లేదు. చీకట్లో, దూరంగా... రెండు దగ్గులు... ఆగడం... ఒక దగ్గు. అవతలి గట్టు వైపు పోతోంది.

ఎంతసేపు అట్లా నిలబడ్డాడో! చేతిలో ఫోను మోగింది.

"పడవ అచ్చింది, ఎక్కినం" అంది గంగి. "పిల్లగాడు పండుకున్నడు. ఒళ్లు సల్లవడ్డది."

"దిగు గంగీ! దిగిపో!"

"ఎట్ల దిగుదు? నడిమిట్ల ఉన్నం. మంచోళ్లే, జరిగి జాగిచ్చిన్రు." గంగి గొంతు తగ్గించింది. "పాపం, అందరు ఒక్కతీరుగ దగ్గుతున్నరు..."

ఫోను ఆగిపోయింది.

జేబులో చురుక్కుమంది. ప్లగ్గులు బయటికి తీశాడు. అరచేతిలో, ఏ తీగా లేకుండా, వాటి మొనల్లో నీలి రవ్వలు ఎగురుతున్నాయి. ఒకసారి దీనిలో, ఒకసారి దానిలో. నది మీది చప్పుడుకు సరిగ్గా తగ్గట్టు. మోటారు ఇప్పుడు దగ్గడం లేదు. సాయంత్రమంతా అతను తేవాలని చూసిన ఆ సాఫీ చప్పుడు, ఒక్క తప్పు లేకుండా వినిపిస్తోంది.

చెయ్యి కాలిపోతోంది. విసిరేద్దామని ఎత్తాడు. విసిరేస్తే... రవ్వ ఆరిపోతే... నడినదిలో ఆ పడవ...

చెయ్యి దించాడు. పిడికిలి బిగించి, పళ్లు కొరుక్కుంటూ నీళ్ల అంచున నిలబడ్డాడు. మోటారు హాయిగా నడుస్తూనే ఉంది. చప్పుడు మాత్రం ఒడ్డుకు దగ్గర కావడం లేదు.