హేమవల్లి తెచ్చిన స్ఫటిక ఫలకం

శోణగిరి రాజ్యంలో ఒక ఉదయం పిల్లల గోల వినిపించలేదు. తల్లులు ముందు హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. మధ్యాహ్నానికి అందరికీ గుండెల్లో రాయి పడింది. పిల్లలు పెడితే తింటున్నారు, పడుకోబెడితే పడుకుంటున్నారు, అంతే. మాట లేదు, ఆట లేదు, చూపు దేని మీదా నిలవడం లేదు. తన పగటినిద్ర చెడగొడుతున్నారని కొండగుహలోని మౌనదంష్ట్ర అనే రాక్షసి పిల్లలందరి మీదా మాయ చల్లిందట.

రాజు కబురు పంపితే అడవి నుంచి ఒక ముని వచ్చి ఉపాయం చెప్పాడు. అడవికి ఆవల ఒక యక్షుడి దగ్గర స్ఫటిక ఫలకం ఉంది. దాని ముందు ఆడి పాడితే ఆ ఆటపాటలను తనలో పట్టుకుని, తెల్లని తెర మీద మళ్లీ చూపిస్తుంది. కానీ ఒక్కసారే పట్టుకుంటుంది, తప్పు దొర్లితే దిద్దుకోవడం కుదరదు. పిల్లలు ఆ పాటను చివరిదాకా చూస్తే మాయ విడుతుంది. మధ్యలో విసుగు పుట్టి ముఖం తిప్పుకున్నారో, ఇక జన్మంతా మూగవాళ్లే.

ఆ పని, చిన్నపిల్లల వయసు దాటి మాయ తగలని ఆస్థాన సంగీత పాఠశాల విద్యార్థుల మీద పడింది. అద్దకం పనివారి అమ్మాయి హేమవల్లి అందరికంటే ముందు లేచింది. నిద్రలో కూడా కబుర్లు చెప్పే చెల్లెలు చెంగల్వ ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే ఆమెకు అన్నం సయించడం లేదు. తోటి విద్యార్థి, రాజకుమారుడు వీరకేతు మద్దెల భుజాన వేసుకుని ఆమె వెంట బయలుదేరాడు.

అడవి మొదట్లోనే ఒక పెద్ద కొండముచ్చు దారికి అడ్డంగా కూర్చుంది. పాట వినిపిస్తే గాని కదలనంది. వాళ్ల గురువు శుభంకరాచార్యుల పాఠశాలలో ఏ పాటకైనా ముందు గురుస్తుతి, ఆపైన రాజవంశ స్తుతి ఉండి తీరాలి. తాతలనాటి ఆచారం. ఇద్దరూ అలాగే మొదలుపెట్టారు. రాజుగారి ముత్తాత దగ్గరికి వచ్చేసరికి కొండముచ్చు గుర్రుపెట్టింది. దాన్ని దాటుకుని వెళ్లిపోయారు. వీరకేతు గెలిచామనే అనుకున్నాడు. హేమవల్లికి మాత్రం దిగులు పట్టుకుంది.

తర్వాత మంటల వాగు వచ్చింది. తాళం తప్పకుండా అడుగు వేస్తేనే అందులో రాళ్లు పైకి తేలుతాయి. వీరకేతు మద్దెల వాయిస్తూ, హేమవల్లి పాడుతూ ఒకరి వెనుక ఒకరు దాటారు. పంచె అంచు కాలింది గాని ప్రాణాలు దక్కాయి.

యక్షుడు తన కొడుకును ఎదురుగా కూర్చోబెట్టాడు. వాళ్ల ఆటపాట వాడు చివరిదాకా చూస్తే ఫలకం ఇస్తానన్నాడు. గురుస్తుతి సగంలోనే ఆ పిల్లవాడు ఒక ఉడుత వెంట పరుగెత్తాడు.

"మీరు పాడింది పెద్దల కోసం. చూడాల్సింది పిల్లలు కదమ్మా?" అన్నాడు యక్షుడు.

"ముందు స్తుతి లేకపోతే మా ఆచార్యులవారు ఒప్పుకోరు స్వామీ."

"అయితే ఆయనకే చూపించుకో. మావాడు ఉడుత వెంటే పోతాడు."

హేమవల్లి కాసేపు ఆలోచించి, చెంగల్వ కోసం తాను కట్టిన కుందేలు పాట ఎత్తుకుంది. వీరకేతు కుందేలై గెంతుతుంటే తలపాగా జారి కళ్ల మీద పడింది. పిల్లవాడు ఉడుతను వదిలి పరుగున వచ్చి కూర్చున్నాడు. యక్షుడు నవ్వి ఫలకం ఇచ్చేశాడు.

రాక్షసులనైనా ఒప్పించవచ్చు గాని ఆచార్యులవారిని ఒప్పించడం ఎవరి తరం? హేమవల్లి ఎంత బతిమాలినా, స్తుతి లేని పాట తల లేని మొండెమన్నారాయన. చివరికి కుందేలు పాట ముందు, వంశస్తుతి వెనుక ఉండేలా ఒప్పుకున్నారు. చివరిదాకా చూడాలన్న షరతు హేమవల్లి మరిచిపోలేదు. గురువు మాట, ఏం చేస్తుంది?

పాఠశాల ముంగిట ఫలకం నిలబెట్టారు. కుందేలు పాట చక్కగా వచ్చింది. తర్వాత ఆచార్యులవారు జరీ కండువా వేసుకుని, కళ్లు మూసుకుని స్తుతి అందుకున్నారు. తోరణాల మామిడాకుల కోసం వచ్చిన మేక ఒకటి వెనుక నుంచి ఆ కండువా నమలసాగింది. వీరకేతు తరమబోయాడు. హేమవల్లి అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇంతసేపూ నువ్వు చూస్తున్నది ఎవరిని? మేకనే కదా. ఉండనీ," అంది మెల్లగా.

స్తుతి ముగించి కళ్లు తెరిస్తే సగం కండువా లేదు. మేకను తరమనివ్వలేదని తెలిసి, పిల్లలకు మాట రాకపోతే ఆ పాపం నీదేనన్న ఆచార్యులవారు హేమవల్లి వైపు చూడటం కూడా మానేశారు.

సాయంత్రం కోట ముంగిట తెర కట్టారు. కుందేలు గెంతుతున్నంతసేపూ పిల్లల చూపు నిలిచింది. స్తుతి మొదలైంది. చెంగల్వ ముఖం కొద్దికొద్దిగా పక్కకు తిరగసాగింది. అంతలో తెర మీదికి మేక వచ్చింది. చెంగల్వ ఆగి, మళ్లీ తెర వైపు తిరిగింది. స్తుతిలో ముత్తాతగారు శత్రువులను జయిస్తున్నారు, మేక జరీ అంచు దాకా వచ్చింది. ఒక్క పిల్లా కదల్లేదు. ఆఖరి చరణం ముగిసి తెర తెల్లబడింది.

"అక్కా, మేక తాతగారి కండువా తినేసిందే!" అంది చెంగల్వ.

పిల్లలందరూ ఒక్కసారిగా నవ్వారు, అరిచారు, మేకలా "మే... మే..." అన్నారు. తల్లులు ఏడుస్తూ వాళ్లను వాటేసుకున్నారు. ఆ గోలకు మౌనదంష్ట్ర రెండు చెవులూ మూసుకుని కొండలు దాటి పారిపోయింది. హేమవల్లి చెల్లెల్ని ఎత్తుకుని, బరువంతా దిగిపోయేలా ఏడ్చింది.

తర్వాత వెళ్లి ఆచార్యులవారి పాదాలకు మొక్కింది. ఆయన మిగిలిన సగం కండువా మడిచి పక్కన పెట్టారు.

"ఇన్నేళ్లుగా ఈ స్తుతి పాడుతున్నాను. ముత్తాతగారి దాకా మెలకువగా ఉన్నవాళ్లను ఇవాళే చూశానమ్మా," అన్నారు.

కాలక్రమంలో వీరకేతు రాజయ్యాడు, హేమవల్లి ఆ పాఠశాలకే ఆచార్యురాలైంది. కానీ ఆ సాయంత్రం వాళ్లకు అవేమీ తెలియవు. ఇంటికి వెళ్లే దారి పొడుగునా చెంగల్వ కబుర్లు చెబుతూనే ఉంది. ఆ పూట శోణగిరిలో ఏ తల్లీ పిల్లలను నోరు మూసుకోమనలేదు. మరునాడు అన్నారనుకోండి.