రిహానా రోజాలు

పొద్దుకుంకింది. మసీదు మైకులో అజాన్ వినిపించింది. ఇంటిల్లిపాదీ రంజాను ఉపవాసం విడుస్తూ ఖర్జూరం నోట్లో వేసుకున్నారు. రిహానా మాత్రం గ్లాసు పట్టుకుని లేవబోయి, పళ్లేల మధ్య పడిపోయింది!

గుంటూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ, రిహానా తల్లి ఖుర్షిదాతో చెప్పింది. "ఏడాదిగా మీ అమ్మాయి తిండి తగ్గించుకుంటూ వస్తోంది. ఇది జబ్బు. రోజాలు ఉండకూడదు."

"రంజాను అయిపోయాక కూడా సోమవారం, గురువారం రోజా ఉంటుందండీ మా పిల్ల! పర్చూరులో మావాళ్లంతా దాన్ని చూసి నేర్చుకోమని..." అంటూ ఖుర్షిదా ఆగిపోయింది.

ఆ ఆసుపత్రిలో ఇలాంటి పిల్లలను వారానికోసారి గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. ఆ వారం తల్లులనూ రమ్మన్నారు. "మారాలని ఎవరికుంది?" అని కౌన్సిలర్ అఖిల అడిగింది.

"సగం చెయ్యెత్తొచ్చా మేడం?" అంది చీమకుర్తి నుంచి వచ్చిన ఓ పిల్ల. "పొద్దున మారాలనుంటుంది. అన్నం చూస్తే ఉండదు."

అందరూ నవ్వారు. రిహానా నవ్వలేదు.

"నాకు లేదు మేడం. రోజా ఉంటే నేను మంచిదాన్ని. తింటే... మా ఇంట్లో నేనెవర్ని?"

ఖుర్షిదా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెళ్లిళ్లలో, పురుళ్లలో, మిరపకోతల దగ్గర... "గుటకెడు నీళ్లు ముట్టదమ్మా మా రిహానా!" అని చెప్పుకున్నది తనే!

"మారాలని లేకపోయినా రా. మనసు మారేదాకా ఒళ్లు ఆగదు. ఈలోగా తిను," అంది అఖిల.

మర్నాడు మధ్యాహ్నం పర్చూరులో ఖుర్షిదా అన్నం, పప్పు వడ్డించి ఇంటి వసారాలో కూతురి ముందు పెట్టింది. అత్త సైదాబీ అదిరిపడింది.

"రంజాను పగలు, నలుగురూ చూసేచోట పళ్లెమా! లోకం ఏమంటుందే?"

"అననివ్వండి అత్తమ్మా! జబ్బుపడ్డవాళ్లకు మినహాయింపు అల్లాయే ఇచ్చాడు. ఈ జబ్బును భక్తని ఊరంతా చాటింది నేను... తిడితే నన్ను తిట్టండి!"

సైదాబీ లోపలికి వెళ్లింది. మజ్జిగ గ్లాసుతో వచ్చింది. "వట్టి పప్పన్నం దిగొద్దూ!" అంటూ మనవరాలి పక్కన పెట్టి, ముఖం అటు తిప్పుకుని కూర్చుంది.

"వీధి తలుపెయ్యమ్మా... దారినపోయేవాళ్లు చూస్తారు," అంది రిహానా.

"వెయ్యను తల్లీ."

రిహానా కన్నీళ్లు పళ్లెంలో పడ్డాయి. ముద్ద కలిపింది.

"రేపు కూడా తినాలా?"

"రేపూ తినాలి."

"ఎల్లుండి...?"

"ఎల్లుండీ!"

రిహానా కళ్లు మూసుకుని ముద్ద నోట్లో పెట్టుకుంది. సైదాబీ ముఖం ఇటు తిప్పకుండానే మజ్జిగ గ్లాసు దగ్గరికి జరిపింది.