పదమూడు గంటల దారి

"ద్రోహి ఎవరో తెలిసిన మరుక్షణం షూట్ చేస్తాం," అన్నాడు చీఫ్. "అరెస్టులూ విచారణలూ ఉండవు."

మధ్యాహ్నం దేశాధ్యక్షుడు ఎక్కబోయే విమానం రూట్‌ను ఎవరో శత్రువులకు చేరవేస్తున్నారు. ఆ ఎవరో తెలిసింది ఒక్క డబుల్ ఏజెంట్‌కే. కోడ్ నేమ్ నెమలి. ఆమె ముఖం ఇక్కడ ఎవరూ చూడలేదు. తూర్పున, తొమ్మిదివేల ఆరువందల కిలోమీటర్ల అవతలి ఎయిర్‌పోర్ట్ నుంచి ఆమె విమానం రాత్రి తొమ్మిదికి, మన టైమ్ ప్రకారం, బయల్దేరింది.

హోటల్‌కు చేరానని నెమలి పేరుతో మెసేజ్ రావడంతో, ఉదయం తొమ్మిదిన్నరకు ఏజెంట్ కత్తెర వెయిటర్ వేషంలో హోటల్ గది తలుపు తట్టాడు. చొక్కా గుండీలో మైక్రోఫోన్. చెవిలో చీఫ్ గొంతు.

తలుపు తీసినామెను చూస్తే ఎవరికైనా మతి పోతుంది. కత్తెరకూ కొంచెం పోయింది.

"చక్కెర ఎన్ని చెంచాలు?"

"వాన పడితే మూడు."

కోడ్ సరిపోయింది.

"ఫ్లైట్ డిస్పాచ్ ఆఫీసులో సీనియర్," అందామె గొంతు తగ్గించి. "రూట్లు గీసేది ఆవిడే. ఎడమ చేతికి రెండు వాచీలు పెట్టుకుంటుంది."

కప్పులో కాఫీ పోస్తున్న కత్తెర ఆగిపోయాడు. రెండు వాచీలు పెట్టుకునేది అతని అక్క. అమ్మ పోయాక అతన్ని పెంచిన అక్క.

"విన్నాను," అన్నాడు చీఫ్ చెవిలో. "ఆ ఆఫీసు ఎదురు మేడ మీద మనవాడున్నాడు. రెండు నిమిషాలు. సారీ."

మా అక్క అలాంటిది కాదంటే ఎవరు నమ్ముతారు? ఏ తమ్ముడైనా అదే అంటాడు. ఏదో ఒకటి మాట్లాడకపోతే ఏడ్చేసేలా ఉన్నాడు.

"ప్రయాణం బాగా జరిగిందా మేడమ్?"

"పదకొండు గంటలూ హాయిగా నిద్రపోయా. ఎనిమిదికల్లా దిగా."

పదకొండా?

నెమలి వచ్చే ఆ తూర్పు రూట్ గురించే, అన్నం తింటున్నప్పుడల్లా అక్క చెవిలో ఇల్లు కట్టుకుని పోరే మాట అది. "మ్యాప్ మీద దూరాన్ని స్పీడ్‌తో భాగించి టైమ్ చెప్పేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుందిరా! ఇక్కణ్ణుంచి తూర్పుకి వెళ్తే గాలి వెనక నుంచి తోస్తుంది, పదకొండు. తిరిగొచ్చేప్పుడు ఎదురుగాలి, పదమూడు."

"చీఫ్! నెమలి ఎక్కిన ఫ్లైట్ దిగిందేమో చూడండి! ఈమె నెమలి కాదు!"

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది. కాఫీ మొత్తం ఆ చేతిమీద పడింది. పిస్టల్ కిందపడింది. చెవిలో మాత్రం చప్పుడు లేదు. కత్తెర జన్మలో అంత భయపడలేదు.

"దిగలేదు," అన్నాడు చీఫ్ చివరికి. "పదికి దిగుతుంది. షూటింగ్ ఆపేశాం. వాడి వేలు ట్రిగ్గర్ మీదే ఉంది."

పదికి అసలు నెమలి దిగింది. గేటు దగ్గర ఆమె కోసం కాచుకున్న ఇద్దరు హంతకులూ దొరికిపోయారు. ఆమె చెప్పిన ద్రోహి అక్క పక్క సీటులోనే కూర్చుంటాడు.

కత్తెర వెయిటర్ బట్టల్లోనే డిస్పాచ్ ఆఫీసుకు పరుగెత్తాడు. అక్క కిటికీ పక్కనే కూర్చుని ఉంది. కళ్ళనీళ్ళతోనే జరిగిందంతా చెప్పాడు.

అక్క చాలాసేపు ఎదురు మేడ వైపు చూసింది. తర్వాత తమ్ముడి కళ్ళు తుడిచింది.

"అయితే నా మాటలు వింటూనే ఉన్నావన్నమాట. మరి ఒక్కసారైనా ఊ కొట్టి చావవేంరా?"