పేరు చెప్పని బొమ్మ

కాకినాడ చిత్రశాలలో ఆ ఉదయం జనం సువర్చల వేసిన గేదెను తెగ మెచ్చుకుంటున్నారు. "ఎంత నల్లగా నిగనిగలాడుతోందండీ!" అన్నాడొకాయన. సువర్చలకు ఒళ్ళు మండింది. ఆమె వేసింది నారింజరంగు గేదె. వెనకున్న కొండ ఊదా. కుంచె ఎటు లాగితే అటు పోవడమే తప్ప, ఆలోచించి రంగు ఎంచడం ఆమెకు చేతకాదు.

తప్పు ఆయనది కాదు. పసితనంలోనే అందరి కళ్ళకూ సరిచూపు కటకం అమర్చేస్తారు. మందుసీసాల దగ్గరా, కూడలి దీపాల దగ్గరా ఎవరూ పొరబడకూడదని మొదలుపెట్టారట. ఆకారాన్ని పోల్చుకునో, చెవిన పడ్డ పేరును పట్టుకునో, ఆ వస్తువుకు ఖాయంచేసిన రంగునే అది చూపిస్తుంది. కొండంటే ఆకుపచ్చ, గేదంటే నలుపు. పచ్చి టమాటా కూడా ఎర్రగానే కనబడుతుంది గనక, ఊళ్ళో అందరూ కూరగాయలు నొక్కి చూసి కొనడం నేర్చారు. సువర్చల కళ్ళకు మాత్రం కటకం పడలేదు. రెండుసార్లు పెట్టి, వాచిపోతే తీసేశారు.

దాంతో ఆమె ఆకారాలనే వదిలేసింది. గేదెను ముక్కలు చేసింది, కొండను కరిగించింది. పోల్చుకోవడానికేమీ దొరక్క కటకాలు చేతులెత్తేశాయి. తర్వాతి ప్రదర్శనలో అసలు రంగులు చూసి జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. భర్త భీమశంకరం ఆనందం పట్టలేక, "అది మా ఆవిడ వేసిన గేదెండీ!" అనేశాడు. విన్నవాళ్ళందరికీ బొమ్మ నల్లబడిపోయింది. ఒకసారి విన్న పేరును కటకం మరవదు. పాపం, లెంపలేసుకున్నాడు. ఆనాటినుంచి ఇంట్లో బొమ్మల పేర్లు ఎత్తరు.

చిక్కంతా కొత్త బొమ్మతో వచ్చింది. పసుపులోకి పొంగిన ఎరుపు, అంచున తడితడిగా నీలం. భీమశంకరం దాని ముందునుంచి కదలడు.

"ఎవరినో తలుచుకుని వేశావు. అవునా?" అన్నాడు చివరికి.

సువర్చల తల వంచుకుని కుంచెలు కడుగుతోంది.

"నన్నెప్పుడూ ఇంత ఇష్టంగా చూడలేదు నువ్వు."

"అడక్కండి. చెబితే ఏమవుతుందో మీకు తెలుసుగా."

"తెలుసు." గదంతా తిరిగాడు. కిటికీ తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. "అన్నం సయించడం లేదు సువర్చలా. రంగులు పోతే పోనీ. ఎవరో చెప్పు."

చెప్పకపోతే ఈ మనిషి కుమిలి సగమైపోతాడు. ఆమె కుంచెలు పక్కన పెట్టింది.

"మీరే," అంది.

బొమ్మను చూస్తున్న ఆయన కళ్ళలో మెరుపు తగ్గడం ఆమెకు తెలిసింది. ఇప్పుడాయనకు అక్కడున్నవి ఉత్త చామనచాయ మరకలు. అయినా ముఖం విప్పారింది. "నేనా? నేనేనా?" అన్నాడు. ఈల వేసుకుంటూ వంటింట్లోకి పోయి బియ్యం కడగసాగాడు.

సువర్చల అక్కడే నిలబడిపోయింది. ఎరుపూ పసుపూ ఆమెకు ఎప్పటిలాగే మండుతున్నాయి. ఆయనంటే తనకు ఎంత ప్రేమో ఈ బొమ్మలో ఇక తానొక్కతే చూసుకోవాలి. ఏడుపు ముంచుకొచ్చింది.

"ఏమోయ్, ఆకలి దంచేస్తోంది! కూరేం చెయ్యమంటావ్?" అని లోపలినుంచి హుషారుగా కేకేశాడు భీమశంకరం.