కట్ చెప్పాక

ఆమె మొదటిసారి మా షాపుకి వచ్చినప్పుడు నేను నాలుగు వస్తువులు చూపించి నాలుగు చీవాట్లు తిన్నాను. మావయ్య అడ్డం రాకపోతే అయిదోది కూడా తినేవాణ్ణే.

మా మావయ్యది కెమెరా సామాన్ల షాపు. కెమెరాలు అమ్మం, వాటికి తగిలించే హంగులన్నీ అమ్ముతాం. యజమాని ఆయన, సిబ్బంది మొత్తం నేను. ఆ రోజు ఆమె భుజాన ఉన్న సంచిలోంచి ఒక చిన్న సినిమా కెమెరా తీసి గాజు బల్ల మీద పెట్టింది. చూడటానికి రెండు అరచేతులంతే ఉంటుంది గానీ, పెద్ద తెర మీద వేసుకునేంత బొమ్మ తీస్తుంది.

"సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. దీనికొక బ్యాటరీ కావాలి. ఒక్కటే," అంది.

"ఒక్కటి చాలదండీ. ఈ కెమెరాకి ఆకలెక్కువ. చిన్న బ్యాటరీ నలభై నిమిషాలకే చేతులెత్తేస్తుంది. ఈ పెద్దది తగిలిస్తే అయిదు గంటలు ఆగకుండా నడుస్తుంది."

"ఎక్కడ తగిలించాలి?"

"అందుకే ఈ కేజ్. కెమెరా చుట్టూ బిగించే చట్రం. దీనికి ఏదైనా తగిలించుకోవచ్చు."

"కెమెరా ఏమన్నా చిలకా, పంజరంలో పెట్టడానికి?"

నేను వెనక్కి తగ్గే రకం కాదు. "ఇది ఫిల్టరండీ. ఎండలో మనం చలువ కళ్ళద్దాలు పెట్టుకోమూ, ఇది లెన్స్‌కి. ఇది హుడ్. ఎండలో స్క్రీన్ కనపడదు కదా, దానికి గొడుగన్నమాట."

"లెన్స్‌కి కళ్ళద్దాలు, స్క్రీన్‌కి గొడుగు. చెప్పులు కూడా ఉన్నాయా హంగులబాబు గారూ?"

ఆమె కళ్ళు మామూలుగానే పెద్దవి. కోపం వస్తే ఇంకా పెద్దవవుతాయి. నేను మైక్ తీసి ఎందుకో చెప్పబోతుంటే, లోపల్నుంచి మావయ్య వచ్చి నన్ను పక్కకి నెట్టాడు.

"ఇంతకీ ఏం తీస్తావమ్మా?" అన్నాడు.

నేను అడగాల్సిన మొదటి ప్రశ్న అది. ఆమె గొంతు ఒక్కసారిగా మెత్తబడింది.

"మా అమ్మ నది మీద లాంచీ నడుపుతుందండీ. ఇరవై రెండేళ్ళుగా. వచ్చే సోమవారం వంతెన తెరుస్తున్నారు. ఆదివారంతో లాంచీ ఆఖరు. అమ్మ స్టీరింగ్ పట్టుకున్న ఫొటో మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు. ఆ ఒక్కరోజు సరిగ్గా తీయకపోతే ఇంక ఎప్పటికీ ఉండదు."

నాకు సిగ్గేసింది. బల్ల మీద పరిచినవాటిలో సగం లోపల పెట్టేసి, ఆమెకి నిజంగా అవసరమైనవి మాత్రం ముందుకు జరిపాను. పెద్ద బ్యాటరీ, కేజ్, ఫిల్టర్, మైక్, గంటల తరబడి తీసినా నిండని డ్రైవ్, పైన పట్టుకోవడానికి ఒక హ్యాండిల్.

"హ్యాండిల్ మీద కూడా రికార్డ్ బటన్ ఉందండీ. కెమెరా మీదదైనా, ఇదైనా, చేతికి ఏది అందితే అది నొక్కొచ్చు."

అన్నీ తీసుకుంది. హుడ్ మాత్రం వద్దంది. "నేనే గొడుగు లేకుండా తిరుగుతాను. దానికెందుకండీ?"

ఆ వారమంతా సాయంత్రాలు ఫోకస్ నేర్చుకోవడానికి వచ్చింది. ఈ కెమెరా మనిషి కదిలినప్పుడల్లా తనంతట తాను ఫోకస్ మార్చుకోదు. చేత్తో రింగు తిప్పాల్సిందే. బయట వాన. షాపులో మేం ఇద్దరం, లెక్కకి రాని మావయ్య ఒకరు. నేను గోడ దగ్గర్నుంచి బల్ల దాకా నడుస్తుంటే ఆమె నన్ను చూస్తూ రింగు తిప్పేది.

"మెల్లగా నడవండి. నవ్వకండి."

"నవ్వితే ఏమైందండీ?"

"ఫోకస్ పోతోంది."

"నేను నవ్వితే మీ ఫోకస్ ఎందుకు పోవాలి?"

ఆమె మొహం కెమెరా వెనక దాచేసుకుంది. కెమెరా వెనక నుంచి ఒక చెవి మాత్రమే కనిపించింది, అది ఎర్రగా ఉంది. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆ తర్వాత రోజు సయించింది గానీ ఏం తిన్నానో తెలియలేదు.

శనివారం వెళ్ళబోతూ అడిగింది. "రేపు నాకు సాయంగా ఎవరూ లేరు. మీ షాపుకి ఆదివారం సెలవేనా?"

ఆదివారాలే మాకు గిరాకీ. నేను నీళ్ళు నములుతుంటే లోపల్నుంచి మావయ్య అరిచాడు. "సెలవే!"

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి రేవులో ఉన్నాం. కెమెరాని హ్యాండిల్ పట్టుకుని లాంచీలోకి నేనే ఎక్కించాను. ఒడ్డు నుంచి లాంచీకి వేసిన పల్చటి చెక్క మీద నడుస్తూ, పడతానేమోనని గట్టిగా పట్టుకున్నాను.

వాళ్ళమ్మగారిని చూడగానే ఆ కళ్ళు ఎక్కడివో తెలిసింది. ఖాకీ చొక్కా, మోచేతుల దాకా మడిచిన చేతులు, తాడు విసిరితే గురి తప్పని మనిషి. కానీ కూతురు "స్టార్ట్" అనగానే ఆవిడ కొయ్యబారిపోయింది.

"నేను... ఇరవై రెండు సంవత్సరములుగా... ఈ లాంచీని... నడుపుచున్నాను."

"అమ్మా! ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడవే!"

"ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడితే చూసేవాళ్ళు ఏమనుకుంటారే?"

రికార్డవుతున్నప్పుడు కెమెరా ముందు వెలిగే చిన్న ఎర్ర లైటుకి భయపడుతోందేమో అనిపించింది నాకు. అది వెలుగుతోందో లేదో చూసుకోకుండానే, నల్ల టేపు ముక్క చింపి లైటు మీద అంటించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆవిడ మాత్రం అలాగే బిగుసుకుంది.

నీళ్ళ మీద ఎండ కళ్ళు పొడిచేస్తోంది. స్క్రీన్ మీద ఆకాశం తప్ప ఏమీ కనపడటం లేదు. ఆమె చేత్తో నీడ పట్టి ఫ్రేము ఊహించుకుంటూ తీసింది. బటన్ నొక్కి "స్టార్ట్" అనేది, అమ్మ విగ్రహమయ్యేది. మళ్ళీ నొక్కి "కట్" అనేది, అమ్మకి ప్రాణం వచ్చేది.

"హమ్మయ్య! ఒరేయ్ ఎర్ర చొక్కా, కమ్మీ మీద కూర్చోకు! నువ్వు పడితే ఏరుకోవడానికి లాంచీ వెనక్కి తిప్పలేను!" అని కేకలేసేది. ఏదో రాగం తీసేది, తప్పు తీస్తున్నానని తనే నవ్వేది.

మూడో ట్రిప్పులో ఆమె కట్ చెప్పి, ప్రయాణికులతో మాట్లాడటానికి లాంచీ ముందుకి వెళ్ళింది. స్టాండు మీద కెమెరా, స్టీరింగ్ దగ్గర వాళ్ళమ్మగారు, పక్కన నేను మిగిలాం.

"అబ్బాయ్, హ్యాండిల్ కొన్న ప్రతివాళ్ళతోనూ ఇలా వెళ్తావా?"

"లేదండీ."

"మరి ఇక్కడికెందుకొచ్చావు?"

అబద్ధం చెబుదామని నోరు తెరిచాను. నిజం వచ్చేసింది. "మీ అమ్మాయంటే నాకు చాలా ఇష్టమండీ. తను షాపుకి వస్తే వాన ఆగకూడదని దణ్ణం పెట్టుకుంటాను, ఆగితే వెళ్ళిపోతుంది కదా. తను తిడితే బాగుంటుంది. తిట్టకపోతే భయమేస్తుంది."

"దానికి చెప్పావా?"

"అమ్మో! ఎందుకు అని అడుగుతుందండీ. ఎందుకో నాకు తెలిస్తే కదా చెప్పడానికి!"

ఆవిడ పకపకా నవ్వి స్టీరింగ్ తిప్పింది. ఇంకా ఏవేవో అడిగింది, నేను అన్నీ కక్కేశాను.

ఆరింటికి ఆఖరి ట్రిప్పు ఒడ్డుకి తగిలింది. జనం దిగిపోయారు. ఆమె బటన్ నొక్కి, మొహం పక్కకి తిప్పుకుని "కట్" అంది. మమ్మల్ని రమ్మని చేత్తోనే సైగ చేసి, కెమెరాని అక్కడే వదిలేసి దిగిపోయింది. వాళ్ళమ్మగారిని కాసేపు ఒంటరిగా వదిలేద్దామని నేనూ దిగాను. పావుగంట తర్వాత వెళ్ళి కెమెరా ఆఫ్ చేసి తెచ్చాను.

రేవులో బెంచీ మీద కూర్చుని ఆమె లాప్‌టాప్ తెరిచింది. మొదటి క్లిప్‌లో నా బూట్లు, చెక్క, నా గొంతు "పడను, పడను" అంటోంది. చివర్లో ఆమె గొంతు "స్టార్ట్" అంది. అక్కడితో క్లిప్ అయిపోయింది. రెండోది "హమ్మయ్య"తో మొదలై మళ్ళీ "స్టార్ట్" దగ్గర ఆగింది.

నాకు అర్థమైపోయింది. కెమెరా ఎక్కించేటప్పుడు హ్యాండిల్ మీది బటన్ నా వేలికింద నొక్కుకుపోయింది. అప్పుడే రికార్డింగ్ మొదలైంది. ఆ తర్వాత ఆమె మొదలుపెట్టాననుకున్న ప్రతిసారీ ఆగింది, ఆపాననుకున్న ప్రతిసారీ మొదలైంది. ఎర్ర లైటు చూస్తే తెలిసేది.

"ఆ టేపు అంటించిందెవరు?"

"నేనే."

"ఆ హ్యాండిల్ అంటగట్టిందెవరు?"

"నేనే."

హుడ్ ఉంటే స్క్రీన్ కనపడేదని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆమె ఏడుస్తోంది. నావల్ల ఆమె ఏడవటం చూడటం కన్నా నదిలో దూకడం నయమనిపించింది.

"అమ్మ చెప్పినవి ఒక్క ముక్క లేదు. రేపట్నుంచి లాంచీ లేదు. మళ్ళీ ఎక్కడ తీయను?" లాప్‌టాప్ మూసేసింది. "మీరు వెళ్ళండి. ప్లీజ్."

వెళ్ళాను. మూడు రోజులు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మూడో రోజు ఎవరికో మైక్ చూపిస్తూ, "కట్ చెప్పాక మాట్లాడుకున్నవి కూడా దీంట్లో చక్కగా వినపడతాయండీ" అన్నాను. కట్‌కీ స్టార్ట్‌కీ మధ్య నేను ఏమేం మాట్లాడానో అప్పుడు గుర్తొచ్చింది. మైక్ అక్కడే పెట్టి వెనక గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

నాలుగో రోజు ఆమే ఫోన్ చేసింది. "సాయంత్రం ఇంటికి రండి. అమ్మ రమ్మంటోంది." అంతే, పెట్టేసింది.

"తిడితే తల వంచుకో. పొగిడినా వంచుకో. నీ మొహం చూస్తే అన్నీ తెలిసిపోతాయి," అని పంపించాడు మావయ్య.

వాళ్ళది రేవుకి దగ్గర్లో రెండు గదుల ఇల్లు. తల్లీ కూతురూ ఇద్దరే. బల్ల మీద లాప్‌టాప్, ఎదురుగా మూడు కుర్చీలు. నేను తల వంచుకునే కూర్చున్నాను.

"ముందు ఒక మాట," అంది ఆమె. "హుడ్ తీసుకుని ఉంటే స్క్రీన్ కనపడేది. మొండికేసింది నేను. ఆ రోజు మీ మీద అరిచాను గానీ, తప్పులో సగం నాది. సారీ."

తర్వాత సినిమా వేసింది. పద్నాలుగు నిమిషాలు. "నడుపుచున్నాను" ఎక్కడా లేదు. ఎర్ర చొక్కాని గదమాయిస్తున్న అమ్మ ఉంది. ఒక చేత్తో స్టీరింగ్ తిప్పుతూ ఇంకో చేత్తో ఎవరిదో పసిపాపని ఎత్తుకున్న అమ్మ ఉంది. రాగం తప్పి నవ్వుతున్న అమ్మ ఉంది. చివర్లో, జనం దిగిపోయిన లాంచీలో ఆవిడ ఇంజన్ ఆపింది. స్టీరింగ్ మీద చెయ్యేసి చాలాసేపు నిలబడింది. "ఇరవై రెండేళ్ళు మాట పడనివ్వకుండా మోశావమ్మా. ఇంక పడుకో," అంది.

నేను తల ఎత్తేశాను. ముగ్గురివీ తడి కళ్ళే. నేనే ఎక్కువ ఏడ్చాను, అది దాచుకునేంత పెద్ద విషయమేం కాదు.

"నేను తీయాలనుకున్నది తీసి ఉంటే ఇందులో మా అమ్మ ఉండేది కాదు," అంది ఆమె. "ఎలా థాంక్స్ చెప్పాలో తెలీడం లేదు."

"అయితే నేను బయల్దేరతానండీ," అని లేచాను. ఇంకా ప్రమాదం దాటలేదని నాకు తెలుసు.

"కూర్చోండి. సినిమాలో పెట్టని క్లిప్ ఒకటుంది."

వేసింది. లాప్‌టాప్‌లోంచి నా గొంతు వానకి దణ్ణాలు పెడుతోంది. దూరడానికి బల్ల కింద చోటుందేమో చూశాను. క్లిప్ అయిపోయింది.

"ఇప్పుడు కెమెరా లేదు," అంది ఆమె, నా వైపు తిరిగి. "నేనే ఉన్నాను. నాకు చెప్పండి."

"మీరంటే ఇష్టమండీ."

"ఇంతేనా? అమ్మకైతే నాలుగు నిమిషాలు చెప్పారు!"

"అప్పుడు మీరు నా వైపు ఇలా చూడటం లేదు."

ఆమె నవ్వింది. ఆ వారం మొత్తంలో నేను చూడని నవ్వు అది. "నాకూ ఇష్టమే," అంది, చెవులు రెండూ ఎర్రబడుతుండగా. "ఎప్పట్నుంచో అడక్కండి, చెప్పను. ఈ క్లిప్ కూడా పొద్దున్నే చూశాను, అందుకే ఫోన్ చేశాను. ఒక్కసారే చూశాను."

వాళ్ళమ్మగారు టీ గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టి, నా పక్కన కూర్చుంది.

"నాకు నువ్వు నచ్చావు అబ్బాయ్. మీ మావయ్యని తీసుకుని ఆదివారం రా, మాట్లాడుకుందాం," అంది. తర్వాత కూతురు వైపు చూసి గొంతు తగ్గించింది, ఆమెకి కూడా వినపడేంత మాత్రమే. "ఇంకో సంగతి. ఈ ఇంట్లో గోడలు పల్చన. నిన్నటి నుంచి ఆ క్లిప్ పదకొండుసార్లు విన్నాను. వేసింది నేను కాదు."