ముక్కు మీద నంబరు

ఇనెస్ మలగుత్తి గారు డిటెక్టివ్ ఒరెస్తే జాంబోని ఆఫీసు మెట్లెక్కి వచ్చిన ఉదయం ఫెరారా ఊరంతా అక్టోబరు వానలో నానుతోంది. ఆవిడ కంగారులో గొడుగు మూయడం కూడా మర్చిపోయి, అలాగే గుమ్మంలోంచి లోపలికి రాబోయింది.

"ముందు ఆ గొడుగు ముయ్యండమ్మా! ఇంట్లో తెరిస్తే దరిద్రం" అంటూ దెల్ఫో ఎదురెళ్లాడు. ముప్పై ఏళ్లు మంగలి పని చేసి, చేతులు వణకడం మొదలయ్యాక కత్తెర పక్కనపెట్టి ఒరెస్తే దగ్గర చేరిన మనిషి అతను. ఒరెస్తే తుమ్మినా అందులో ఏదో ఆలోచన ఉందని నమ్మే రకం.

"దరిద్రం ఆల్రెడీ పట్టింది బాబూ" అని ఆవిడ కుర్చీలో కూలబడింది. "డెబ్బై ఒకటో ఏట నేను మనిషిని గుద్ది పారిపోయానట. సోమవారం వచ్చి నా కారు పట్టుకుపోతారట."

ఒరెస్తే కాఫీ ఆవిడ ముందుకు జరిపాడు. "నిదానంగా చెప్పండి. మొదట్నుంచి."

జరిగింది ఇదీ. పోయిన ఆదివారం మధ్యాహ్నం ఏటిగట్టు రోడ్డు మీద ఒక ఎర్ర కారు, టాపు లేనిది, సైకిల్ మీద పోతున్న నెల్లో అనే ముసలాయన్ని గుద్ది ఆగకుండా వెళ్లిపోయింది. ఆయన కాలు విరిగింది. గట్టు పక్కన పెళ్లివాళ్లు ఫొటోలు తీసుకుంటుంటే ఒక దాంట్లో ఆ కారు ముక్కు పడింది. ముక్కు మీద నంబరు ఇనెస్ గారి కారుది.

"నేను కారు బయటికి తీస్తేగా! మా ఆయన వాల్తెర్ పోయి ఆరేళ్లయింది. నెలకోసారి పెరట్లోనే స్టార్ట్ చేసి, ముందుకీ వెనక్కీ జరిపి పెట్టేస్తాను, బ్యాటరీ చావకుండా. ఆదివారం ఒక్కదాన్నే ఇంట్లో ఉన్నాను. సాక్ష్యం ఎవరు చెప్తారు, నా పిల్లి చెప్తుందా?"

"ఇంకో గొడవ కూడా ఉందన్నారు ఫోనులో."

ఆవిడ గొంతు తగ్గించింది. "మా కారుకి ముందువైపు అసలు ప్లేటు లేదు. పదమూడేళ్ల కింద వాల్తెర్ అంటించిన స్టిక్కరే. అది చట్టానికి వ్యతిరేకమట. అసలు ప్లేటు చూపించలేకపోతే, నేను ఎవర్నీ గుద్దకపోయినా సరే, పాత నంబరు కొట్టేసి కొత్తది ఇస్తారట. ఊరి అక్షరాలు లేకుండా." కళ్లు తుడుచుకుంది. "నాకు ఆయన మిగిల్చింది ఆ నంబరే నాయనా. అది పోతే ఆయన రెండోసారి పోయినట్టే."

ఆ బాధ ఒరెస్తేకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. డిటెక్టివ్ కాకముందు ఇరవై రెండేళ్లు రవాణా ఆఫీసు కౌంటర్లో కూర్చుని నంబరు ప్లేట్లు ఇచ్చినవాడు. ఊళ్లో సగం కార్లకి అతనే బారసాల చేశాడని దెల్ఫో అంటుంటాడు. నాలుగేళ్ల కింద ప్లేట్ల మీంచి ఊళ్ల అక్షరాలు తీసేసిన రోజున ఒరెస్తే మధ్యాహ్నం భోజనం ముట్టలేదు. అంతకుముందు ఏ ఊరి కారో దూరం నుంచే తెలిసేది. మిలాన్ వాడు దారి తప్పితే నవ్వుకునేవాళ్లు, రోమ్ వాడు అడ్డం వస్తే తిట్టుకునేవాళ్లు. ఇప్పుడు ఎవర్ని చూసి తిట్టుకోవాలో కూడా తెలీదు.

ఇనెస్ గారి షెడ్డులో కారు గోడకేసి ముక్కు పెట్టి నిలబడి ఉంది. వెనకాల నల్ల ప్లేటు మీద తెల్లగా, పై వరసలో FE, అంటే ఫెరారా, కింద 98417. ముక్కు చూడాలంటే గోడకీ కారుకీ మధ్య పక్కగా నడవాలి. దెల్ఫో పొట్ట బిగబట్టి దూరాడు.

"ఉంది గురూగారూ. 98417 FE. అంచులు పసుపెక్కాయి. ఏడు అంకె మీద గాలి బుడగ ఉంది."

"ఆ బుడగ కోసం ఆయన వారం రోజులు నిద్రపోలేదు" అంది ఇనెస్ గారు. "సబ్బునీళ్లు చల్లి, నా తెల్ల దుప్పటి పెట్టి అద్దీ అద్దీ అంటించాడు. అసలు ప్లేటు పక్కన పెట్టుకుని కొలతలు తీసి మరీ చేయించాడు. ఇంత అందమైన ముక్కు మీద ఆ ప్లాస్టిక్ ముక్కేంటే, పెళ్లికూతురి మొహానికి మందుపట్టీ వేసినట్టు, అనేవాడు. తప్పని నేను మొత్తుకున్నా. విన్నాడా!"

"మరి ఆ ప్లాస్టిక్ ముక్క ఏమైంది?"

"ఇల్లంతా తిరగేశాను. దేనికో పనికొస్తుందన్నాడు. ఆయన దేన్నీ పారేసే మనిషి కాదు, దేన్నీ దాని చోట పెట్టే మనిషీ కాదు."

తరవాత వంటింట్లో ఆవిడ గుమ్మడికాయ కూరిన పాస్తా వడ్డించింది. దెల్ఫో రెండోసారి పెట్టించుకున్నాడు. ఒరెస్తే మాత్రం చెంచా పట్టుకుని, గడగడలాడుతున్న పాత ఫ్రిజ్ కాళ్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఒక కాలి కింద ఎత్తు సరిపోవడానికి నల్లటిదేదో దోపి ఉంది. ఫ్రిజ్‌లో ఇంకా ఏముందా అని చూస్తున్నాడేమో అనుకున్నాడు దెల్ఫో.

స్టేషన్లో పోలీసు అధికారి బ్రూజా ఫొటో బల్ల మీద పడేశాడు. ఇరవై ఎనిమిదేళ్లవాడు, దక్షిణాది నుంచి బదిలీ మీద వచ్చాడు. "చూసుకోండి సార్. ఎర్ర కారు, అదే మోడలు, ముక్కు మీద స్టిక్కరు. FE 98417. ఇంకేం కావాలి?"

ఒరెస్తే ఫొటోని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూశాడు. "మీరు ఆవిడ కారు ముక్కు చూశారా?"

"చూశాను. అవే అంకెలు, అవే అక్షరాలు."

"అవును, అవే" అన్నాడు ఒరెస్తే. బయటికొచ్చాక సన్నగా ఈల వేశాడు. అతను ఈల వేశాడంటే సగం కేసు తేలిపోయినట్టేనని దెల్ఫోకి తెలుసు. అడిగితే చెప్పడనీ తెలుసు.

"ఒరేయ్ దెల్ఫో, ఇదే మోడలు ఎర్రది ఊళ్లో ఇంకెవరికుంది?"

"మందుల షాపు కొర్రాదో ఫినొత్తికి. పాత కార్ల క్లబ్బు సెక్రటరీ. కానీ ఆయన కారుకి కొత్త నంబరే కదా, FE లేనిది. పాపం, మొన్న ఆదివారం క్లబ్బు ఊరేగింపులో కూడా ముందు వరస దక్కుండదు. ఊరి అక్షరాలున్న బళ్లకే గదా ఆ మర్యాద."

కొర్రాదో షాపు ముందే కారు ఉంది. ఒరెస్తే వంగి దాని ముక్కు మీద వేలు రాశాడు. తుడిచి మెరిపించిన రంగు మీద ఒకచోట మాత్రం సన్నటి గీతలా దుమ్ము అంటుకుని ఉంది. వేలికి జిగురు తగిలింది.

లోపల కొర్రాదో తెల్లకోటు వేసుకుని ఎవరికో దగ్గు మందు ఇస్తున్నాడు. ముప్పై తొమ్మిదేళ్లుంటాయి. కౌంటరు వెనక గోడ మీద పాత ఫొటో ఒకటి. మట్టిరోడ్డు, వెళ్లిపోతున్న ఎర్ర కారు వెనకభాగం, దాని వెనకాల చెయ్యి ఊపుతూ చిన్న పిల్లవాడు.

"మీరేనా?"

"నేనే. ఏడేళ్లప్పుడు. కారులో మా నాన్న. రావెన్నా రేవులో పని ఆయనకి. సోమవారం పొద్దున్నే వెళ్లేవాడు, నేను గేటు దాకా పరిగెత్తేవాణ్ణి. శనివారం వచ్చేసరికి నేను నిద్రపోయుండేవాణ్ణి." నవ్వబోయాడు, రాలేదు. "నాకు పదేళ్లప్పుడు పోయాడు. అమ్మ కారు అమ్మేసింది."

"ఆదివారం ఊరేగింపుకి వెళ్లారా?"

"ఒంట్లో బాలేదు సార్. ఇంట్లోనే ఉన్నాను."

ఒరెస్తే జలుబు మాత్రలు కొనుక్కుని బయటికొచ్చాడు. అతనికి జలుబు లేదు.

శనివారం సాయంత్రం ఇనెస్ గారి వంటింట్లో అందరూ కూర్చున్నారు. బ్రూజా, కొర్రాదో, దెల్ఫో, ఆవిడ, ఆవిడ పిల్లి.

"ఇక్కడికెందుకు పిలిచినట్టు?" అన్నాడు బ్రూజా.

"మీ సాక్ష్యం ఈ వంటింట్లోనే ఉంది కాబట్టి" అని ఒరెస్తే లేచాడు. "ఆ కాలంలో నేను చేత్తో ఇచ్చిన ప్లేట్లివి. ఒక కారుకి రెండు. వెనకదానికి ఊరి అక్షరాలు ముందు, అంకెలు తరవాత. ముందువైపు చిన్న ప్లేటుకి తిరగేసి. అంకెలు ముందు, ఊరు తరవాత. తరవాతెప్పుడో రెండూ ఒకలా చేశారు. మీ వయసు వాళ్లకి ఆ సంగతి తెలీదు. వాల్తెర్ అసలు ప్లేటు చూసి స్టిక్కరు చేయించాడు. అందుకే అది 98417 FE. మీ ఫొటోలో కారుకి ముక్కు మీద FE 98417. అది ఈ కారు కాదు."

బ్రూజా ఫొటో తీసి చూసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"వాల్తెర్ అసలు ప్లేటు చూశాడని రుజువేంటి సార్?"

"దెల్ఫో, ఆ ఫ్రిజ్ ఎత్తు."

దెల్ఫో భుజం పెట్టి ఎత్తాడు. ఒరెస్తే మోకాళ్ల మీద కూర్చుని కాలి కింది నల్లటి ముక్క లాగి, చేతిగుడ్డతో తుడిచాడు. జిడ్డు కింద నుంచి తెల్లటి అంకెలు బయటపడ్డాయి. 98417 FE.

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ! పదమూడేళ్లు దాని మీదే వెన్న పెట్టుకున్నానా!" అని ఇనెస్ గారు నవ్వుతూనే ఏడ్చేసింది.

ఒరెస్తే నవ్వలేదు. "ఇక ఆ రెండో స్టిక్కరు. దాన్ని చేయించినవాడికి ఈ నంబరు నిద్రలో లేపినా వచ్చు. కానీ కారుని ఎప్పుడూ వెనకనుంచే చూశాడు. వెళ్లిపోతుంటే చూశాడు. ఎదురొస్తుండగా ఒక్కసారీ చూడలేదు. కదా కొర్రాదో?"

కొర్రాదో ఒరెస్తే చేతిలోని ప్లేటు అందుకుని అంకెల మీద వేలు రాశాడు.

"ఒక్కరోజు కోసం అంటించాను సార్" అన్నాడు. "ఇనెస్ గారి కారు మా నాన్నదే. ఆ నంబరు మా నాన్నది. అలాంటి కారే వెతికి కొన్నాను గానీ నంబరు దొరకదు గదా. నా ప్లేట్లు విప్పేసి, ముందూ వెనకా స్టిక్కర్లు వేసుకుని, ఒక్కసారి ఆయనలా ముందు వరసలో వెళ్దామనుకున్నాను. ఊరేగింపు దాకా కూడా పోలేదు. గట్టు మీద ఆ ముసలాయన అడ్డం వచ్చాడు. దొంగ నంబరుతో ఉన్నాను. భయమేసి ఆగలేదు."

"భయం నీకు!" ఇనెస్ గారు బల్ల చరిచింది. "ఆ ముసలాయన రోడ్డు మీద పడుంటే, ఇక్కడ నన్ను నేరస్తురాల్ని చేస్తుంటే, నువ్వు దగ్గు మందు అమ్ముకుంటూ కూర్చున్నావా? మీ నాన్నకి చెయ్యూపిన పిల్లాడివేనా నువ్వు?"

అతను ఏడ్చాడు. ఎవరూ ఓదార్చలేదు. కాసేపటికి తనే లేచి, ముందు ఆస్పత్రికెళ్లి నెల్లో కాళ్ల మీద పడతానని, తరవాత స్టేషన్లో రాసిస్తానని బ్రూజాతో అన్నాడు.

బ్రూజా జరిమానా పుస్తకం బయటికి తీశాడు. "అమ్మా, మీ నంబరు ఎక్కడికీ పోదు. అసలు ప్లేటు దొరికింది. కానీ ఆ స్టిక్కరు తీసేయాలి. సొంతంగా చేసుకుని అంటించింది ఎంత అందంగా ఉన్నా చట్టం ఒప్పుకోదు. జరిమానా రాయక తప్పదు."

"రాయి నాయనా. పదమూడేళ్ల కిందటే రాయాల్సింది."

దెల్ఫో ఇంటికెళ్లి పాత మంగలి కత్తి తెచ్చాడు. ఇనెస్ గారు జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో వేడిగాలి పట్టింది. కత్తి స్టిక్కరు అంచున ఆనగానే అతని చేతుల్లో వణుకు ఆగిపోయింది. రంగు మీద ఒక్క గీత పడకుండా చిన్నగా ఒలిచాడు. గాలి బుడగ ఉన్న ఏడు అంకె చివరికి ఊడొచ్చింది. ఆవిడ దాన్ని అరచేతిలోకి తీసుకుని, మడతపెట్టకుండా, వంటల పుస్తకంలో దాచుకుంది. ఒరెస్తే ప్లాస్టిక్ ప్లేటుకి రెండు స్క్రూలు బిగించాడు.

బ్రూజా టోపీ పెట్టుకున్నాడు. కొర్రాదో అతని వెంట గుమ్మం దిగుతుంటే ఇనెస్ గారు పిలిచింది.

"ఒరేయ్ అబ్బాయ్! ఆ గేటు దగ్గర నించో. వెనక్కి తిరక్కు, ఇటు చూడు."

ఆవిడ కారు షెడ్డులోంచి వెనక్కి తీసింది. పెరటి చివరిదాకా వెళ్లి తిప్పింది. లైట్లు వేసి, మెల్లగా, గేటు వైపు నడిపించుకుంటూ వచ్చింది. ముక్కు మీద చిన్న నల్ల ప్లేటు, దాని మీద 98417, తరవాత ఫెరారా.

కొర్రాదో చెయ్యి దానంతటదే పైకి లేచింది. ఈసారి కారు వెళ్లిపోలేదు. వచ్చి అతని ముందు ఆగింది.