మొనగాడు రాని ఆదివారం

మొదటిరోజే కొంప ముంచాడు మనవాడు.

ఎవరింట్లోనో పుట్టినరోజు పార్టీ. హాల్లో పిల్లలంతా గుమ్మం వైపు కళ్ళప్పగించి కూర్చున్నారు. పాట మోగింది. నీలం డ్రెస్సు, స్పాంజితో కుట్టిన కండలు, మొహానికి ముసుగు, భుజాల మీంచి వేలాడే ఎర్ర గుడ్డ... అచ్చం సినిమాలో సూపర్‌హీరోలా ఒక్క గెంతు గెంతి లోపలికొచ్చాడు. వచ్చినవాడు తిన్నగా ఉండొచ్చుగా! ఎగురుతున్నట్టు చేతులు చాచి గిర్రున తిరిగాడు. ఎర్ర గుడ్డ వెళ్ళి కేకు వెనకున్న బెలూన్ల తోరణానికి చిక్కుకుంది. అంతే, తోరణం కూలింది. టప్ టప్ టప్‌మని ఒకటే మోత.

పిల్లలు చప్పట్లు కొట్టారు. అది కూడా షోలో భాగమే అనుకున్నారు పాపం.

చేతిలో గాలి పంపుతో ఒకమ్మాయి దూసుకొచ్చింది. ఆ తోరణం కట్టింది ఆమే.

"ఏమయ్యా మొనగాడా! పొద్దుట్నించి ఊది ఊది చేతులు పడిపోయాయి నాకు. నీకున్నవి కళ్ళేనా, అవీ స్పాంజేనా?"

అతను మాట్లాడలేదు. ముసుగు వేసుకున్నాక నోరు విప్పకూడదని బావ రూలు. బావంటే అక్క మొగుడు. పార్టీలకి వేషాలు అద్దెకిచ్చే షాపు ఆయనదే. "సూపర్‌హీరో గొంతు పక్కింటివాడి గొంతులా ఉంటే పిల్లలు నమ్మరురా బామ్మర్దీ. ఇల్లు తగలబడినా సైగలే!" అని మొదట్లోనే చెప్పాడు.

అందుకని మనవాడు రెండు చేతులూ జోడించాడు. చెవులు పట్టుకున్నాడు.

"ఈ వేషాలకేం తక్కువ లేదు. ముందు కింద పడ్డ ముక్కలన్నీ ఏరు. పాకే పిల్లలున్నారు. నోట్లో పెట్టుకుంటే గొంతుకి అడ్డం పడుతుంది."

అంత సూపర్‌హీరో మోకాళ్ళ మీద కూలబడి, కండలు అడ్డమొస్తున్నా, సోఫాల కిందా కుర్చీల కిందా రబ్బరు ముక్కలు ఏరాడు. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తూ నిలబడింది. చివరికి ఫక్కున నవ్వేసింది.

ఆ నవ్వుతో మనవాడి పని అయిపోయింది.

పార్టీ అయ్యాక పెరట్లో ముసుగు తీసి చెమట తుడుచుకుంటుంటే ఆమే మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

"ఇప్పుడు మాట్లాడొచ్చుగా?"

"ఆ... మరి... థ్యాంక్స్," అన్నాడు గ్లాసుతో.

"గ్లాసుకి కాదు, నాకు చెప్పు."

అప్పట్నించి ప్రతి ఆదివారం ఎక్కడో ఒకచోట ఇద్దరూ కలిసేవాళ్ళు. ఆమె బెలూన్లు కట్టేది, అతను గెంతేవాడు. మొనగాడన్న పేరు అతనికి అతుక్కుపోయింది. ఆమెని అందరూ బెలూన్లమ్మాయి అనేవాళ్ళు.

ముసుగులో ఉన్నంతసేపూ మనవాడికి పట్టపగ్గాలుండవు. కుర్చీలాట ఆడిస్తూ ఆమెను చెయ్యి పట్టి లాక్కొచ్చి కూర్చోబెట్టేవాడు. పొడుగు బెలూన్లు మెలిపెట్టి కిరీటం చేసి తలమీద పెట్టేవాడు. పిల్లలు "పెళ్ళికూతురు! పెళ్ళికూతురు!" అని అరిస్తే ఆమె ఎర్రబడి పంపుతో కొట్టడానికి వచ్చేది. ముసుగు తీశాడా, కుక్కిన పేనే. "బస్సు దొరుకుతుందా నీకు?" అన్నది దాటి మాట సాగేది కాదు.

"మీలో ఎవరితో మాట్లాడాలో నాకు తెలీడం లేదు. లోపలివాడితోనా, పైవాడితోనా?" అని ఏడిపించేది.

ఎన్ని గెంతులు గెంతినా ఒక్క పని మాత్రం మరిచేవాడు కాదు. ఎక్కడ బెలూన్ పేలినా ఆట ఆపి, మోకాళ్ళ మీద వంగి, ముక్కలు ఏరి జేబులో వేసుకునేవాడు. పిల్లలు నవ్వేవాళ్ళు. ఆమె నవ్వేది కాదు, చూస్తూ ఉండిపోయేది.

ఒకసారి కొత్త సూపర్‌హీరో సినిమా వచ్చింది. "కొత్త పోజులు నేర్చుకోవద్దూ? నీ పాత పోజులు చూసి చూసి పిల్లలు ఆవలిస్తున్నారు," అని ఆమే టికెట్లు తీసింది.

సినిమాలో హీరో ఎప్పుడు హీరోయిన్‌తో మనసు విప్పబోయినా, ఎక్కడో ఒక బిల్డింగ్ కూలుతుంది. అతను ఎగిరిపోతాడు. నాలుగోసారి కూడా ఎగిరిపోయేసరికి బెలూన్లమ్మాయికి ఒళ్ళు మండింది.

"లోకాన్నంతా కాపాడతాడు గాని, ఒక్క మాట చెప్పడానికి తీరిక దొరకదా ఈయనకి?"

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మనవాడి మాట పెదవి దాకా వస్తేగా! చీకట్లో ఆమె వైపు తిరిగాడు. ఊపిరి పీల్చాడు. 

"పాప్‌కార్న్ కావాలా?" అన్నాడు.

ఆమె అతన్ని కాసేపు చూసి, "ఇవ్వు," అంది.

బయటికొచ్చేసరికి వాన. బస్టాప్ రేకు కింద ఇద్దరూ భుజం భుజం తగిలేలా నిలబడ్డారు. చూరు నీళ్ళలోకి చెయ్యి చాపి, అతని వైపు చూడకుండా ఆమె అంది:

"మా పెద్దమ్మ పూల షాపు పెట్టింది, వేరే ఊళ్ళో. డెకరేషన్ పనంతా నన్ను చూసుకోమంటోంది. వెళ్తే ఇక అక్కడే. ఆదివారం రాత్రిలోగా ఏదో ఒకటి చెప్పాలి."

అతనికి వాన చప్పుడు తప్ప ఇంకేం వినిపించలేదు.

"ఆదివారం పార్టీ అయ్యాక నిన్నొక మాట అడగాలి. ముసుగు తీసి వినాలి, తెలిసిందా? బస్సొచ్చింది. తడవకుండా వెళ్ళు."

మంచి మనసున్న ఆడపిల్ల ఇంతకంటే విప్పి చెప్పగలదా, మీరే చెప్పండి! గోడకి చెప్పినా అర్థమయ్యేది. మన మొనగాడికి మాత్రం తిరగేసి అర్థమైంది. వెళ్ళొస్తానని చెప్పడానికే అడుగుతోందనుకున్నాడు. ఆ మాట వినకపోతే ఆమె వెళ్ళనట్టేనని, చిన్నపిల్లాడిలా, కళ్ళు మూసుకుంటే లోకం చీకటైపోతుందన్నట్టు అనుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే దుప్పటి కప్పుకుని బావ ముందు కూర్చున్నాడు.

"జ్వరం బావా. ఇవాళ నువ్వెళ్ళు."

"ఏదీ?" బావ నుదురు పట్టుకు చూశాడు. "చల్లగా ఐసులా ఉన్నావు కదరా!"

"లోపలి జ్వరం. ఇద్దరం ఒకే ఎత్తు. నీ పొట్ట స్పాంజి కింద దాక్కుంటుంది. ఒక్కటే, అక్కడ నేను కాదని ఎవరికీ చెప్పకు. ఎవరేం అడిగినా ముసుగు తీయకు, మాట్లాడకు. నీ రూలే కదా."

బావ మెతక మనిషి. సణుక్కుంటూనే వేషం వేసుకుని వెళ్ళాడు.

సాయంత్రం వాకిట్లో వ్యాను ఆగగానే మనవాడు పరుగున ఎదురెళ్ళాడు. బావ ముసుగు తీసి ఉఫ్‌మని ఊదుకుని, మెట్ల మీద కూలబడ్డాడు.

"ఒరేయ్, ఆ బెలూన్లమ్మాయి ఏదో అడిగిందిరా. పెరట్లో నా ఎదురుగా నిలబడి, 'ఉండమంటావా, వెళ్ళమంటావా? నువ్వు ఉండమంటే ఉంటా' అంది. కళ్ళనిండా నీళ్ళు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు."

"నువ్వేం చేశావు?"

"ఏం చేస్తాను? మాట్లాడొద్దన్నావుగా. గుండె మీద గుప్పిట పెట్టి, ఆకాశం వైపు వేలు చూపించా. మన మామూలు పోజు. వ్యానెక్కి వచ్చేశా."

మన మామూలు పోజు! అది ప్రతి షో చివర వెళ్ళిపోయే ముందు పెట్టే పోజు.

మర్నాడు తెల్లారగానే ఆమె ఇంటికి పరిగెత్తాడు. వాళ్ళమ్మ తలుపు తీసింది.

"మొదటి బస్సుకే వెళ్ళిపోయింది బాబూ. నీకు చెప్పలేదా?"

"చెప్పిందండీ," అన్నాడు. అబద్ధం కాదు మరి.

ఫోన్ చేయొచ్చుగా అంటారా? చేద్దామనే అనుకున్నాడు. మెసేజ్ రాశాడు, చెరిపాడు. మళ్ళీ రాశాడు, మళ్ళీ చెరిపాడు. నేను కాదు, అది బావ అని రాస్తే ఎందుకు రాలేదని అడుగుతుంది. దానికి జవాబేది? రేపు, ఎల్లుండి అనుకుంటుండగా రెండేళ్ళు గడిచిపోయాయి. తప్పంతా ఆ పోజుదేనని మనసుకి నచ్చజెప్పుకున్నాడు. బావ మీద అలిగాడు. ఆ బావ మాత్రం పాపం, కంచంలో కాస్త ఎక్కువ వడ్డించేవాడు.

అక్క కూతురి పుట్టినరోజొచ్చింది. సాయంత్రం పార్టీ ఇంట్లోనే. నీలం డ్రెస్సు వేసుకుని, ముసుగు చేత్తో పట్టుకుని హాల్లోకి వచ్చిన మనవాడు ఉన్నచోటే నిలబడిపోయాడు.

స్టూలెక్కి తోరణం కడుతోంది బెలూన్లమ్మాయి.

"మార్కెట్లో కనిపించిందిరా. వాళ్ళమ్మని చూడ్డానికి వచ్చిందట. అడగ్గానే ఒప్పుకుంది," అంది అక్క. తమ్ముడి మొహం చూసి, పని గుర్తొచ్చినట్టు వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"ఆ దారం అందివ్వు మొనగాడా," అంది ఆమె వెనక్కి తిరక్కుండానే.

అందించాడు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదని తెలుసు.

"ఆ రోజు... పెరట్లో... అది నేను కాదు. మా బావ."

"తెలుసు."

"ఆ పోజు చూసి, నేను వెళ్ళిపొమ్మన్నానని నువ్వు..."

"పోజుకి ముందే తెలుసు." స్టూలు దిగి అతని ఎదురుగా నిలబడింది. "కేకు దగ్గర బెలూన్ పేలింది. నువ్వైతే వంగి ముక్కలు ఏరేవాడివి. ఆయన దాటుకుని వెళ్ళిపోయాడు. అప్పుడే తెలిసిపోయింది."

రెండేళ్ళుగా మోసుకు తిరిగిన సాకు కాస్తా చేతిలోంచి జారిపోయింది. ఇన్నాళ్ళూ ఆమె గుర్తుపట్టలేకపోయిందనుకున్నాడు.

"తెలిసీ ఎందుకడిగావు మరి?"

"ముసుగు తీసి 'నేను కాదమ్మా, వాడు ఇంట్లో ఉన్నాడు' అంటాడేమోనని. ఆ ఒక్క మాట అన్నా చాలు, చెప్పులు లేకుండానైనా మీ ఇంటికి వచ్చేదాన్ని." చేతిలోని దారం వేలికి చుట్టుకుంది. "అనలేదు. అనొద్దని నువ్వే చెప్పుంటావని అర్థమైంది. అడగబోతున్నానని తెలిసి నీ బదులు ఇంకో మనిషిని పంపావు. ఇక వేరే జవాబెందుకు?"

"భయమేసింది."

"నాకు మాత్రం వెయ్యలేదా?"

అతను ముసుగుని సోఫా మీద పడేశాడు.

"ఉండమనేవాణ్ణి," అన్నాడు. "నీ మీద ప్రాణం నాకు. ఆ రోజే కాదు, నువ్వు తిట్టిన మొదటిరోజు నుంచీ. ఉండమనేవాణ్ణి. ఉండు అనాలనే ఉండేది."

ఆమె కళ్ళు తుడుచుకుని, నవ్వలేక నవ్వింది.

"చూశావా, ఎంతసేపు పట్టింది? ఒక్క బెలూన్ ఊదేంతసేపు కూడా పట్టలేదు."

ఆమె మళ్ళీ తోరణం వైపు తిరిగింది. తర్వాత, దారం ముడి వేస్తూ ఆమే అంది.

"వచ్చే నెల నా పెళ్ళి. మా షాపుకి పూలు తెచ్చే ఆయన. డెకరేషన్ మాత్రం నాదే, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వను."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అయినా అడిగాడు.

"ఎలాంటివాడు?"

"మాట్లాడతాడు. ఆపకుండా మాట్లాడతాడు. ఒక్కోసారి తలనొప్పి కూడా వస్తుంది."

"మంచిదే," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు, కానీ నొప్పెట్టింది.

పార్టీలో మనవాడు గెంతాడు, కుర్చీలాట ఆడించాడు. ముసుగు మాత్రం వేసుకోలేదు. "నువ్వని గుర్తుపట్టేస్తారు మావయ్యా!" అని మేనకోడలు మొత్తుకున్నా వేసుకోలేదు. బెలూన్లమ్మాయి డబ్బాలు సర్దుకుని గేటు దగ్గర ఆగినప్పుడు, అలవాటు కొద్దీ గుప్పిట గుండె మీదికి పోయింది. చెయ్యి దించేశాడు.

"జాగ్రత్తగా వెళ్ళు," అన్నాడు నోటితోనే.

తలూపి వెళ్ళిపోయింది.

అందరూ సర్దుకున్నాక మనవాడు మోకాళ్ళ మీద వంగి, సోఫా కిందా కుర్చీల కిందా రబ్బరు ముక్కలు ఏరుతున్నాడు. మేనకోడలు పక్కనే చతికిలబడింది.

"ఎందుకు మావయ్యా ఏరుతున్నావు?"

"పాకే పిల్లలు నోట్లో పెట్టుకుంటారమ్మా."

"ఎవరూ లేరు మావయ్యా. అందరూ వెళ్ళిపోయారుగా."

"అవునమ్మా, వెళ్ళిపోయారు," అన్నాడు. అని, బల్ల కింద ఉన్న ఇంకో ముక్క కోసం చెయ్యి చాపాడు.